నాలుగు గోడలూ వినాలి

మొగుడు పోయిన ఆడదాన్ని ముప్పయ్యో రోజు దాకా ఇంట్లోంచి కదిలించకూడదని మా సాక్సన్ల కట్టుబాటు. అందాకా వారసుడు గుమ్మం బయటే ఉండాలి. ముప్పయ్యో రోజు పూజ అయ్యాక లోపలికి వచ్చి తాళాలు తీసుకుంటాడు.

మా డ్యూకు ఎకార్ట్ దొర ఆ ఏడు చలికాలం చివర్లో అడవిపంది కోర తొడలో దిగి పోయాడు. ముప్పయ్యో రోజు చర్చిలో పూజ సగంలో ఉండగానే ఆయన తమ్ముడు బుస్సో దొర ఖాళీ బండ్లు తోలించుకుని కోట వాకిట్లో దిగాడు. పూజకొచ్చిన పెద్దలందరికీ భోజనం పెట్టాలి కాబట్టి నేనూ వడ్డనలో ఉన్నాను. కోటలో కాన్పులొస్తే మంత్రసాని వెండెల్ అత్త పక్కన ఉండేదాన్ని. మిగతా రోజుల్లో ఏ పని చెబితే ఆ పని.

"వదినా, బాతులు నీవి, పరుపులు నీవి, దుప్పట్లు నీవి. ఆడవాళ్ళ సామాను ఆడవాళ్ళదే, నేనేం కాదనను. నా మనుషులు బండికెత్తుతారు. మా మేనత్త మఠంలో నీకో గది తుడిపించి ఉంచాను," అన్నాడు బుస్సో దొర, ఎముక చీకుతూ.

ఇంగెర్డ్ దొరసాని ముందు రొట్టె పెట్టింది పెట్టినట్టే ఉంది.

"బాతులు ఉండనీ మరిదీ. నేను బండెక్కలేను. కడుపుతో ఉన్నాను."

బల్లల దగ్గర నమలడం ఆగిపోయింది.

"ఎన్నో నెల?"

"నాలుగు నడుస్తోంది."

"మా అన్న పోయినప్పుడు ఈ మాట చెప్పలేదే?"

"అప్పుడు ఏడుస్తున్నాను."

ఆయన ఎముక పక్కన పెట్టి వేళ్ళు తుడుచుకున్నాడు. వెండెల్ అత్తనీ నన్నూ పిలిచి చూడమన్నాడు. పక్క గదిలోకి తీసుకెళ్ళి చూశాం. ఉన్న మాటే. బయటికొచ్చి చెప్పాం. తీర్పరి గెరో, తెల్ల గడ్డం ముసలాయన, బల్ల చివర్నుంచి లేచి కట్టుబాటు చెప్పాడు. మా దగ్గర అది చిన్నపిల్లలకి కూడా తెలుసు, అయినా తీర్పరి నోట వినాలి.

తండ్రి పోయాక పుట్టిన బిడ్డ వారసుడు కావాలంటే పుట్టి కళ్ళు తెరిస్తే చాలదు. ఏడవాలి. ఆ ఏడుపు గది నాలుగు గోడలకీ వినబడాలి. ఒక్కో గోడ అవతల ఒక్కో మగవాడు నిలబడాలి. నలుగురూ చర్చిలో దాచిన పునీతుడి వేలి ఎముక మీద కుడిచెయ్యి పెట్టి "విన్నాను" అని ప్రమాణం చెయ్యాలి. అది జరిగాక బిడ్డ ఉన్నా పోయినా కోట తల్లిని విడిచిపోదు. నలుగురిలో ఒక్కడు "నాకు వినబడలేదు" అన్నాడా, ఆ బిడ్డ పుట్టనట్టే.

"ఇద్దరు సాక్షులు దొరసాని పెట్టుకుంటుంది. ఇద్దరు మీరు పెట్టండి," అన్నాడు గెరో.

దొరసాని బీరు కాచే డెట్లెఫ్‌నీ, వేటకుక్కల్ని చూసే ముసలాయన్నీ చెప్పింది. బుస్సో దొర ముందు తన పెత్తందారు లిప్పోల్డ్‌ని చెప్పాడు. తర్వాత గడ్డం గీరుకుంటూ హాలంతా ఓ చూపు చూశాడు.

"రెండోవాడు ఎవరైనా దైవభక్తి ఉన్నవాడైతే బాగుంటుంది. గంట కొట్టే తామ్మో."

వెనక బల్ల దగ్గర ఎవడో కిసుక్కున నవ్వి, నవ్వు మింగేశాడు. దొరసాని నా వైపు చూసింది. నేను పులుసు గిన్నె బల్ల మీద పెట్టేశాను.

తామ్మో నా మొగుడు. పిల్లాడిగా ఉన్నప్పటి నుంచి ఆ పెద్ద గంట కింద నిలబడి తాడు లాగినవాడు. ఎదురుగా నిలబడి నోరు కనబడేలా మాట్లాడితే అర్థం చేసుకుంటాడు. వెనక నుంచి ఎద్దు రంకె వేసినా తిరిగి చూడడు.

*

ఆ సాయంత్రం బల్లకి అవతల కూర్చోబెట్టి, దీపం నా మొహానికి దగ్గరగా పెట్టుకుని అంతా చెప్పాను. తామ్మో నా నోటి వైపే చూసి, ఉల్లిపాయ కొరుక్కుని, నిదానంగా నమిలాడు.

"నన్నెందుకు పెట్టాడు?"

"నీకు చెవుడని."

"అది నిజమే కదా."

"నిజం సంగతి తర్వాత చూసుకుందాం. ఆ రోజు లోపల ఏడ్చినా ఏడవకపోయినా విన్నానని చెప్పెయ్. చాలు."

"ఎముక మీద చెయ్యేసి?"

"ఎముకకి నీ చెవి సంగతి తెలుసా ఏమిటి?"

"నీ మొగుడి సంగతి తెలియకపోతే ఆయనేం పునీతుడే?"

నాకు ఒళ్ళు మండింది. ఆ ఎముక మీద అబద్ధం ఆడినవాడి చెయ్యి ఏడాది తిరక్కుండా ఎండిపోతుందని మాకందరికీ తెలుసు. చేపలు పట్టే యోర్డన్ చెయ్యి అలాగే పోయింది, పొరుగువాడి వల గురించి అబద్ధమాడినందుకు. తామ్మోకి ఆ చెయ్యే తిండి. అది ఎండిపోతే గంట తాడు ఇంకొకడు పట్టుకుంటాడు, గోపురం కింద ఉన్న మా కొంప కూడా వాడిదే అవుతుంది. అన్నీ తెలిసే అడుగుతున్నాను. దొరసాని మఠానికి వెళ్తే, పుట్టేవాణ్ని బుస్సో దొర ఏ దాది చేతిలో పెడతాడో, ఆ దాది ఎన్నాళ్ళు పాలు పడుతుందో కూడా నాకు తెలుసు.

"ఆ పిల్ల నీకేం కాదా?" అన్నాను.

ఆ మాటకి తామ్మో తల దించుకున్నాడు. తల దించుకుంటే ఇక ఆయనతో మాట్లాడలేం. నా నోరు చూడడు కదా.

*

ఆ పిల్ల అని ఎందుకన్నానంటే, మాకు ఇంగెర్డ్ దొరసాని అలాగే.

డెన్మార్క్ రాజుగారి అమ్మాయి. పడవలో ఎల్బ నది మీదుగా తెచ్చారు. మా భాష ఒక్క ముక్క రాదు. పెళ్ళైన తెల్లారి పెళ్ళికొడుకు పెళ్ళాం అడిగింది ఇవ్వాలి, పెద్దల ముందు. మామూలుగా తండ్రివైపు వాళ్ళు ముందే నేర్పి పంపుతారు, ఫలానా పొలం అడుగు, ఫలానా చెరువు అడుగు అని. ఈవిడకీ నేర్పారు, నది పక్క పచ్చిక అడగమని. తీరా ఆ పొద్దున మాట మర్చిపోయి, అందరూ తన వైపే చూస్తుంటే మొహం ఎర్రబడి, కిటికీలోంచి గంట గోపురం వైపు వేలు చూపించింది. ఎకార్ట్ దొర పగలబడి నవ్వాడు. "గోపురం దేవుడిది, నేనివ్వలేను. ఎక్కే హక్కు మాత్రం నీదే," అని, పచ్చిక కూడా ఇచ్చాడు.

నిజంగానే ఎక్కేది. పై నుంచి నది కనబడుతుంది, తనొచ్చిన దారి. అక్కడ తామ్మో తాడుకి కొవ్వు రాసుకుంటూ ఉండేవాడు. ఆమె అలా కూర్చుని తన భాషలో గంటల తరబడి చెప్పుకుపోయేది. ఈయన తల ఊపేవాడు. మా భాష మాత్రం గుర్రాల కొట్టంలో నేర్చింది. అందుకే పెద్దల సభలో కూడా అప్పుడప్పుడు సాయిసులు తిట్టే తిట్టు ఆమె నోట్లోంచి దొర్లేది.

మొగుడూ పెళ్ళాం మొదట్లో బల్లకి చెరో కొసన కూర్చునేవాళ్ళు. ఓ చలికాలం దొరకి జ్వరమొస్తే ఈవిడ తన ఊరి ఎండుచేప నానబెట్టి కాచిన గంజి తనే పట్టించింది. "ఇది తాగి బతికేకంటే చావడం నయం," అని తిడుతూ తాగాడు. బతికాడు. ఆ తర్వాత వేట నుంచి ఎప్పుడొచ్చినా గుర్రం దిగకుండానే ముందు గోపురం వైపు తలెత్తేవాడు. పైన ఆమె చెయ్యి ఊపితేనే లోపలికి వెళ్ళేవాడు.

ఆయన్ని పంది చంపిన రోజు కూడా ఆమె పైనే ఉంది. గుర్రం మీద అడ్డంగా పడుకోబెట్టి తెస్తుంటే ముందు చూసింది ఆవిడే.

*

రై పైరు మోకాలెత్తు వచ్చేసరికి నాకు నిద్ర పట్టడం మానేసింది. మా పక్కింటి కోడలికి పాలు తాగే పిల్లాడున్నాడు, గొంతు చాలా గట్టిది. ఓ మధ్యాహ్నం తామ్మోని నేతపాక వెనక నిలబెట్టి, "పిల్లాణ్ని గిల్లుతాను, నీకేమైనా వినబడితే చెయ్యెత్తు," అని చెప్పి లోపలికొచ్చి ఆ పిల్లాణ్ని గిల్లాను. వాడు ఆరున్నొక్క రాగం ఎత్తుకున్నాడు. వీధి చివర కుక్కలు మొరిగాయి. వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి నన్ను నానా మాటలూ అంది. నేను వెనక్కి వెళ్ళి చూద్దును కదా, తామ్మో చేతులు వెనక్కి కట్టుకుని మేఘాల వంక చూస్తున్నాడు.

"ఎప్పుడు గిల్లుతావు?" అన్నాడు.

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఏడుపే ఎక్కువసేపుంది.

ఆ రోజే గోపురం మెట్లెక్కి దొరసాని దగ్గరకి పోయాను. అప్పటికి పొట్ట బాగా ముందుకొచ్చింది, అయినా ఎక్కడం మానలేదు. తామ్మో అప్పుడే మధ్యాహ్నం గంట కొట్టి, అరచెయ్యి ఆ కంచుకి ఆనించి కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. మా చెవులకి మోత ఎప్పుడో అయిపోయింది.

"ఇంకా ఉంది," అన్నాడు ఆయన. కొంచెం ఆగి, "ఇప్పుడయింది," అని చెయ్యి తీశాడు. రోజూ అంతే.

నేను దొరసాని పక్కన కూలబడి, "అమ్మా, మీరు ఒక్క మాట అడగండి. నేనడిగితే వినడం లేదు. మీరడిగితే కాదనడు," అన్నాను.

"ఏమని అడగను ఓదా?"

"విన్నానని చెప్పమని."

ఆమె తన పాదాల వైపు చూసుకుంది. వాచి ఉన్నాయి.

"ఇన్నేళ్ళు ఈయనకి అన్నీ చెప్పుకున్నాను. మా అమ్మ పోయిన సంగతి కూడా ముందు ఈయనకే చెప్పాను. ఒక్క మాటా వినబడదని నాకు తెలియదనుకున్నావా?"

"తెలిసే చెప్పేవారా?"

"తెలుసు కాబట్టే చెప్పేదాన్ని. ఈయన దగ్గర నేను ఒక్కసారీ అబద్ధం ఆడలేదు. ఇప్పుడు ఈయన్ని ఆడమని ఎట్లా అడగను?" అంది. మళ్ళీ అంది, "నువ్వు కూడా అడగొద్దు. ఆ చెయ్యి పోతే ఆ పాపం నా బిడ్డకి తగులుతుంది."

కిందికి దిగేటప్పుడు నా భుజం పట్టుకుంది. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి, ఎండాకాలంలో.

బుస్సో దొర మాత్రం వారానికోసారి వచ్చేవాడు. ధాన్యం గది చూసేవాడు, గుర్రాల పళ్ళు చూసేవాడు, గోడలు కొలిపించేవాడు. ఓసారి బావి దగ్గర నన్ను పలకరించాడు.

"మీ ఆయన ఎలా ఉన్నాడు ఓదా?"

"బాగున్నాడు దొరా."

"నేనేం అబద్ధం చెప్పమనడం లేదు చూడు. ఉన్న నిజం చెబితే చాలు. నిజం చెప్పినవాడికి గోపురం పనీ ఉంటుంది, కొంపా ఉంటుంది. ఇంతకంటే మంచి దొర ఎక్కడ దొరుకుతాడు చెప్పు?"

నేను చేద నీళ్ళు కడవలో పోసుకుని ఇంటికొచ్చేశాను.

*

నొప్పులు కోతల రోజుల్లో మొదలయ్యాయి, ఓ తెల్లవారుజామున. ఎండ ఎక్కేసరికి సాక్షులు నలుగురూ వచ్చారు. చెక్క దూలాలతో కట్టిన గది, నాలుగు వైపులా వరండా. తలుపులూ కిటికీలూ మూశారు. బీరు కాచే డెట్లెఫ్ తూర్పు గోడ దగ్గర, కుక్కల ముసలాయన దక్షిణాన, లిప్పోల్డ్ పడమర. తామ్మోని ఉత్తరం గోడ దగ్గర నిలబెట్టారు. లోపలికి వెళ్ళే ముందు నేను ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఆయన కుడి అరచెయ్యి అప్పటికే గోడ దూలానికి ఆనించి ఉంది. ఆయనే అన్నాడు:

"తాడు కట్టాను చూడు, దూలానికి. పాత గంట తాడు. దొరసాని పట్టుకోవడానికి. గట్టిది, తెగదు."

లోపల ఆమె ఆ తాడు పట్టుకునే వేలాడింది. ఒక్కో నొప్పికీ ఉత్తరం వైపు దూలం కిర్రుమనేది. సాయిసుల తిట్లన్నీ తిట్టింది. వెండెల్ అత్త, "తిట్టు తల్లీ, తిట్టు, బయట మీ మరిది ఉన్నాడు," అంది. ఆ నొప్పుల్లోనూ ఆమె నవ్వింది.

మధ్యాహ్నం దాటాక బిడ్డ బయటపడ్డాడు. మగబిడ్డ. నీలంగా, తడిసిన గుడ్డపేలికలా ఉన్నాడు. ఏడవలేదు.

వెండెల్ అత్త తలకిందులు చేసి తట్టింది. నోట్లో వేలు పెట్టి తుడిచింది. ఊదింది. దొరసాని తాడు వదల్లేదు. "ఏడుస్తున్నాడా? ఓదా, ఏడుస్తున్నాడా?" అని అడుగుతూనే ఉంది. బయట ఎవరిదో దగ్గు వినబడింది, లిప్పోల్డ్‌ది అనుకుంటాను. అత్త మళ్ళీ ఊదింది.

అప్పుడు పిల్లి కూన మూలిగినట్టు చిన్న చప్పుడు. తర్వాత ఇంకోటి. తర్వాత నిజంగా ఏడ్చాడు.

బిడ్డని నాలుగు గోడలకీ చూపించాలి, అదీ పద్ధతే. నేను ఎత్తుకుని తూర్పు గోడకి తీసుకెళ్ళాను, దక్షిణానికి, పడమరకి. ఉత్తరం గోడ దగ్గరికొచ్చేసరికి నా కాళ్ళు ఆగాయి. గోడకి వేసిన ఉన్ని గుడ్డ పక్కకి లాగేసి, ఆ పసివాడి రొమ్ముని బోడి దూలానికి ఆనించి పట్టుకున్నాను. చల్లటి కర్ర తగిలేసరికి గుక్కపట్టి ఏడ్చాడు. వాడి ఒళ్ళంతా నా చేతుల్లో అదిరింది.

"ఏం చేస్తున్నావే, చలికి చస్తాడు," అంది అత్త.

గుక్క తిరిగేదాకా పట్టుకుని, అప్పుడు తల్లికిచ్చాను.

*

వరండాలోనే చిన్న బల్ల వేసి ఎముక ఉన్న వెండి పెట్టె పెట్టారు. ఫాదరు పక్కన నిలబడ్డాడు. వెండెల్ అత్తా నేనూ ముందు చెప్పాం. డెట్లెఫ్ విన్నానన్నాడు. కుక్కల ముసలాయన విన్నానన్నాడు. లిప్పోల్డ్ వంతు వచ్చింది. బుస్సో దొర అతని వైపు చూశాడు. కానీ ఆ ఏడుపు కోట వాకిట్లోకి కూడా వినబడింది, గుర్రాలవాళ్ళు టోపీలు తీసి ఊపారు. లిప్పోల్డ్ చెమట తుడుచుకుని, "విన్నాను," అన్నాడు.

బుస్సో దొర మొహంలో ఏ మార్పూ లేదు. ఆయన లిప్పోల్డ్ మీద ఆశ పెట్టుకోలేదు.

గెరో తామ్మోకి ఎదురుగా వచ్చి, నోరు కనబడేలా ఒక్కో మాటే అడిగాడు. "బిడ్డ ఏడుపు విన్నావా?"

తామ్మో తన కుడి అరచెయ్యి వైపు చూసుకున్నాడు. తిప్పి మళ్ళీ చూసుకున్నాడు. ఆయన నా వైపు చూస్తే తల ఊపుదామనుకున్నాను, ఎటువైపు ఊపేదాన్నో నాకే తెలియదు. ఆయన చూడలేదు. చెయ్యి పెట్టె మీద పెట్టాడు.

"విన్నాను," అన్నాడు.

బుస్సో దొర అప్పుడు నవ్వాడు. "తీర్పరిగారూ, వీడికి బ్రహ్మచెవుడు. ఊరంతా సాక్ష్యం. గంట కిందే వీడికి గంట వినబడదు. వీడి మాట చెల్లదు."

గెరో గడ్డం దువ్వుకున్నాడు. "ఈ సాక్షిని ఎవరు పెట్టారు దొరా?"

"నేనే పెట్టాను, అయితే?"

"తను పెట్టుకున్న సాక్షిని తనే కాదనకూడదు. దొరసాని కాదంటే వినేవాణ్ని. ఆవిడ కాదనడం లేదు. చెవుడని మీకు తెలిసే పెట్టారా? తెలిసి పెడితే అది వేరే విచారణ."

బుస్సో దొర ఆ రోజు కూడా తెచ్చుకున్న బండ్లు కట్టించుకున్నాడు. అవి ఖాళీగానే వచ్చాయి, ఖాళీగానే వెళ్ళాయి.

*

ఊరంతా పండగ చేసుకుంది. మా ఇంట్లో మాత్రం పండగ లేదు.

తామ్మో ఆ రాత్రి ఎడమచేత్తో పులుసు తిన్నాడు. మర్నాడూ అంతే. గంట తాడు ఎడమచేత్తో లాగడం మొదలెట్టాడు, మోత గతి తప్పి ఊళ్ళో నవ్వుకున్నారు. కుడిచెయ్యి చొక్కాలో దాచుకునేవాడు. వీధి పిల్లల తల మీద పెట్టడు, నన్ను తాకడు, రొట్టె విరవమంటే నా ముందుకి తోసేవాడు. నేనడగలేదు. విన్నావా అని అడిగితే ఏదో ఒకటి చెబుతాడు, అది అబద్ధమైతే నా మొహానికి ఎదురుగా ఆడిన మొదటి అబద్ధం అవుతుంది. నిద్రపోతున్నప్పుడు మాత్రం రోజూ ఆ చెయ్యి దుప్పటిలోంచి తీసి చూసేదాన్ని. వేళ్ళు సన్నబడ్డాయా, చర్మం ముడత పడిందా అని. ఓసారి చూస్తుంటే ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి.

బాలింత రోజులు అయి, చర్చిలో దీవెన తీసుకున్న రోజున దొరసాని బాబుని ఎత్తుకుని గోపురం ఎక్కింది. నేను వెనక నుంచి పట్టుకుంటూ ఎక్కాను. అప్పటికి ఆకులు రాలుతున్నాయి, పైన గాలి బాగా ఉంది. గాలి మొహానికి కొట్టేసరికి తండ్రి పేరు పెట్టుకున్న చిన్న ఎకార్ట్ మొహం చిట్లించి ఏడుపు ఎత్తుకున్నాడు. వాళ్ళ నాన్న గొంతే.

తామ్మో దగ్గరికొచ్చాడు. తెరిచిన ఆ చిన్న నోటి వైపు చూశాడు. కుడిచెయ్యి చొక్కాలోంచి బయటికి వచ్చి మధ్యలో ఆగిపోయింది.

దొరసాని ఆ చెయ్యి పట్టుకుని బాబు రొమ్ము మీద పెట్టింది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. బాబు ఏడుస్తూనే ఉన్నాడు. తామ్మో చాలాసేపు అలాగే ఉండిపోయాడు, గంట మీద చెయ్యేసినప్పటిలా.

"ఇదే," అన్నాడు. "ఆ రోజు దూలంలో తగిలింది తాడు అదురు కాదు. ఇదే."

"ఏమిటి తామ్మో?" అంది దొరసాని. ఆయన ఆమె నోటి వైపు చూడటం లేదు.

ఇంటికొచ్చాక క్యాబేజీ పులుసు కాచి, రొట్టె తెచ్చి రోజూలాగే నా వైపు పెట్టుకున్నాను. ఆయన బల్ల మీదుగా చెయ్యి చాచి దాన్ని లాక్కున్నాడు. రెండు చేతులా విరిచి, పెద్ద ముక్క నాకిచ్చాడు.